పీజో మృదంగం ప్యాడ్ సతాయిస్తోందా? ముందు కోడ్ జోలికి పోకండి

ప్లైవుడ్ ముక్క, దాని మీద రబ్బరు షీటు, మధ్యలో 35 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ (దెబ్బ తగిలితే వోల్టేజ్ పుట్టించేది), వెనకాల ఆర్డ్యునో లియోనార్డో అనే చిన్న బోర్డు, అది దెబ్బని చదివి కంప్యూటర్‌కి మిడి నోట్ (ఏ శబ్దం, ఎంత గట్టిగా అని చెప్పే సందేశం) పంపితే సౌండ్ అక్కడ వస్తుంది, అంతే సెటప్. కోడ్ తిరగరాసే ముందు సీరియల్ ప్లాటర్ (బోర్డు చదివే విలువల్ని గీతగా చూపించే ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్ కిటికీ) తెరిచి ఒక్కసారి కొట్టి చూడండి, సగం జబ్బులు అక్కడే కనబడతాయి.

ఎవరూ కొట్టకుండానే మోగుతోంది, చెయ్యి దగ్గరకి తెస్తే ఇంకా ఎక్కువ

పీజోకి అడ్డంగా 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టి ఉండరు, లేదా టంకం ఊడిపోయి ఉంటుంది. అప్పుడు బోర్డు పిన్ను గాల్లో వేలాడుతున్నట్టే, ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ మోత అంతా అందులోకి వచ్చేస్తుంది. రెసిస్టర్ పెట్టండి. అక్కడే 5.1 వోల్టుల జెనర్ డయోడ్ (వోల్టేజ్ అంతకు మించి పెరగకుండా ఆపేది) కూడా వేసేయండి, గట్టిగా కొడితే పీజో 5 వోల్టులు ఈజీగా దాటుతుంది, రూపాయల్లో పోయేదానికి బోర్డు ఎందుకు కాల్చుకోవడం.

ఒక్క దెబ్బకి రెండు మూడు మోగుతున్నాయి

అందరికీ వచ్చే తలనొప్పి ఇదే. పీజో దెబ్బ తగిలాక వెంటనే ఆగదు, కాసేపు పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది, మన కోడేమో త్రెషోల్డ్ (మనం పెట్టుకున్న హద్దు) దాటితే చాలు నోట్ పంపేస్తుంది, దాంతో ఒక్కో ఊపుకీ ఒక్కో నోట్. త్రెషోల్డ్ దాటాక 2 మిల్లీసెకన్లు చదువుతూ ఉండి అందులో పెద్ద విలువ పట్టుకోండి, అదే వెలాసిటీకి ఆధారం, అంటే ఎంత గట్టిగా కొట్టారో చెప్పే 127 వరకూ ఉండే అంకెకి. నోట్ పంపాక 30 మిల్లీసెకన్లు ఆ ప్యాడ్ ఏం చెప్పినా వినకండి. కొందరు భయపడి దీన్ని 100 చేసేస్తారు, అప్పుడు ఇంకో గోల: నిమిషానికి 180 బీట్ల మీద బీటుకొక తకధిమి వాయిస్తే సెకనుకి 12 దెబ్బలు, అంటే మధ్యలో 83 మిల్లీసెకన్లే, అవన్నీ ఒకే ప్యాడ్ మీద పడితే సగం దెబ్బలు మింగేస్తుంది. డిలే ఫంక్షన్ మాత్రం వాడకండి, ఒక ప్యాడ్ కోసం ఆగితే మిగతావన్నీ ఆగిపోతాయి, మిల్లిస్ ఫంక్షన్‌తో టైమ్ చూసుకోండి.

కుడి ప్యాడ్ కొడితే ఎడమది కూడా పలుకుతోంది

ఎడమ ప్యాడ్‌ని చెక్క మీద నుంచి తీసి చేత్తో గాల్లో పట్టుకుని కుడిది కొట్టండి. ఇప్పుడు ఆగిపోయిందా, అయితే అదురు చెక్కలోంచి వెళ్తోంది, రెండిటి కింద మందపాటి ఫోమ్ వేసి విడగొట్టండి. ఇంకా పలుకుతోందంటే కరెంటు తేడా. బోర్డు లోపల ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) ఒక్కటే కదా, పిన్ను మారినప్పుడు పాత ఛార్జ్ కొంచెం మిగిలిపోతుంది. ప్రతి పిన్నునీ రెండుసార్లు చదివి మొదటిది పారేయండి.

కొట్టిన కాసేపటికి సౌండ్ వస్తోంది

దీనికి నేను ఒక ఆదివారం మొత్తం బోర్డుని తిట్టాను, చివరికి చూస్తే నేను పెట్టుకున్నది బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు! వైరుది పెట్టుకోండి ముందు. తర్వాత కంప్యూటర్‌లో ఆడియో బఫర్ (సౌండ్ వినిపించే ముందు పోగేసుకునే శాంపిళ్లు): 44,100 రేటు మీద 1024 శాంపిళ్లంటే 23 మిల్లీసెకన్లు, 128 అయితే 3 లోపే. బోర్డు చదవడానికి పట్టేది 0.1 మిల్లీసెకను, పాపం దాని తప్పు చాలా తక్కువ.

మెల్లగా కొట్టినా వెలాసిటీ 127 వస్తోంది

ప్లాటర్‌లో గీత 1023 (బోర్డు చదవగల గరిష్ఠ విలువ) దగ్గర తల తెగిపోయినట్టు కనిపిస్తే సిగ్నల్ ఎక్కువైంది. రెసిస్టర్ విలువ తగ్గించండి, లేదా పీజోకీ రబ్బరుకీ మధ్య ఇంకో పొర ఫోమ్ పెట్టండి.

నాం కొట్టినా ధిం కొట్టినా ఒకటే శబ్దం

ఇది రిపేరు కాదు, డిజైన్ సంగతి. పీజో ఎంత గట్టిగా కొట్టారో చెప్తుంది, ఎక్కడ కొట్టారో చెప్పదు. నాం పలికేది అంచు మీద కాబట్టి అంచున ఇంకో పీజో అతికించి, రెండిటిలో ఏది పెద్దదో పోల్చి చూడొచ్చు, పది సార్లలో ఏడెనిమిది సార్లు సరిగ్గా పట్టింది నాకు. కచేరీకి అది చాలదు, అందుకే ఇప్పుడు కుడి వైపు రెండు విడి ప్యాడ్లు పెట్టేశాను.