అడ్రినల్ మాత్రలు ఆపాకే కోలుకున్నాను

నాలుగు నెలలు వారానికి ఆరు రోజులు గట్టిగా కసరత్తు చేశాక ఒంట్లో సత్తువ పోయింది. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే లేవబుద్ధి కాదు, అలవాటైన బరువులే లేవవు. ‘అడ్రినల్ ఫెటీగ్’ (మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడికి అలసిపోయాయనే మాట) అని నాకు నేనే తేల్చుకుని అశ్వగంధ, మెగ్నీషియం, ‘అడ్రినల్ సపోర్ట్’ మాత్రలు మొదలుపెట్టాను.

డాక్టర్ మొదట ఆపించింది ఆ మూడోదాన్నే. అలాంటి 12 ఉత్పత్తులను పరీక్షించిన 2018 నాటి అధ్యయనంలో అన్నిట్లోనూ థైరాయిడ్ హార్మోన్, సగానికి పైగా వాటిలో స్టెరాయిడ్ హార్మోన్లు దొరికాయి. తెలియక వాటిని మింగడం ఎంత ప్రమాదం! పైగా అడ్రినల్ ఫెటీగ్‌ను హార్మోన్ల (ఎండోక్రైన్) నిపుణులు జబ్బుగా గుర్తించరు. ఆ గ్రంథులు నిజంగా దెబ్బతింటే వచ్చేది అడిసన్ వ్యాధి, దాని చికిత్స వేరు. ఆ గ్రంథులు విడుదల చేసే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ నాకు ఉదయపు పరీక్షలో మామూలుగానే ఉంది. తక్కువగా తేలింది ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది.

డాక్టర్ చెప్పిన మోతాదులో ఐరన్ వేసుకున్నాను. కసరత్తు నాలుగు రోజులకు తగ్గించాను, అందులో రెండే కష్టమైనవి. ఖాళీ కడుపుతో గంటన్నర పరుగెత్తడం మానేశాను. పిండిపదార్థం అందకుండా ఎక్కువసేపు శ్రమిస్తే కార్టిసాల్ ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం దాటాక కాఫీ లేదు.

అశ్వగంధ కూడా వదిలేశాను. చిన్న ప్రయోగాల్లో అది కార్టిసాల్‌ను కొంత తగ్గించింది, నిజమే. కానీ అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, థైరాయిడ్ మందులు వాడేవాళ్లయితే మరీ జాగ్రత్త. మెగ్నీషియం వల్ల నాకు తేడా తెలియలేదు.

మూడు వారాలకు నిద్ర కుదిరింది. పాత బరువులు ఎత్తడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.