బరువు లాగే బండి – 4వ పాఠం: ముల్లు కదలకముందే వేడిని పసిగట్టడం

పోయిన పాఠంలో ట్రక్ స్టాప్ కాటా మీద బండినీ ట్రెయిలర్‌నీ కలిపి తూకం వేయించి, ఆ చీటీ దాచిపెట్టుకోమన్నాను. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత వేడెక్కుతుందో చూడటానికి ఇవాళ ఆ చీటీతో పని ఉంది. దాంట్లో మొత్తం 22,000 పౌండ్లు, అంటే సుమారు 10 టన్నులు ఉందనుకుందాం. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500, సిల్వరాడో 3500 లాంటి డీజిల్ పికప్‌కి ఓ పెద్ద ట్రెయిలర్ తగిలిస్తే ఈ బరువు మామూలే.

ఈ 10 టన్నుల్ని ఒక కొండ ఎక్కిద్దాం. కొండ కూడా నిజమైనదే తీసుకుందాం. అరిజోనాలో కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. అక్కడి నుంచి 68వ నంబరు రోడ్డు సుమారు 11.4 మైళ్లలో 3,000 అడుగులు ఎక్కుతుంది. ఏ పికప్ ఎంత బరువు లాగగలదో తేల్చడానికి 2008లో ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) వాళ్ల జె2807 అనే పరీక్ష వచ్చింది. అందులో ఈ ఎక్కుడు ఒక భాగం. కొండ కింద కనీసం 100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. ఏసీ ఫుల్లుగా నడుస్తుండాలి. వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు. వెనక ఇరుసుకు నాలుగు టైర్లున్న బండికి మాత్రం 35 దాకా సడలింపు ఉంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 10,000 కిలోల్ని 900 మీటర్లు పైకి లేపాలి. 10,000 × 9.8 × 900 చేస్తే దాదాపు 8.8 కోట్ల జౌళ్లు. 40 మైళ్ల వేగంతో 11.4 మైళ్లకు 17 నిమిషాలు పడుతుంది. దాన్ని సెకన్లలోకి మార్చి భాగిస్తే సుమారు 86 కిలోవాట్లు, అంటే 115 హార్స్‌పవర్. ఇది బరువును పైకి లేపడానికే. టైర్ల రాపిడికీ, ఎదురుగాలికీ ఇంకో 30, 35 కిలోవాట్లు వేసుకోండి. డీజిల్ కాలితే పుట్టే వేడిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే చక్రాలు తిప్పే పనికొస్తుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం సైలెన్సర్ దారిన పోతుంది, ఇంకో పెద్ద వాటా కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవంలోకి దిగుతుంది. మన లెక్కలో కూలెంట్ మోయాల్సిన వేడి అటూఇటూగా 80 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 40 ఒకేసారి, 17 నిమిషాలు ఆపకుండా వేసి ఉంచినట్టు! ఆ వేడంతా బండి ముందున్న రేడియేటర్ అనే ఒక జాలీలోంచి గాల్లోకి పోవాలి.

ఈ లెక్క వేసి చూశాకే నాకు రేడియేటర్ మీద గౌరవం పుట్టింది. మీరు కూడా మీ చీటీలో ఉన్న బరువుతో ఒకసారి వేసి చూడండి.

వేడిని మోసేవాళ్లు

ఆ వేడిని బయటికి చేర్చడానికి వాటర్ పంప్ కావాలి, ఫ్యాన్ కావాలి, ముందు నుంచి దూసుకొచ్చే గాలి కావాలి. పంప్‌ని తిప్పేది ఇంజినే కాబట్టి ఇంజిన్ ఎంత జోరుగా తిరిగితే కూలెంట్ అంత జోరుగా పారుతుంది. ఫ్యాన్ సంగతి కాస్త వేరు. దానికి క్లచ్ ఉంటుంది, అందులో చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ వెనక గాలి చల్లగా ఉన్నంతసేపు ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. వేడెక్కితే నూనె లోపలికి పారి పట్టు బిగిస్తుంది. కొత్త బళ్లలో ఆ బిగింపు కంప్యూటర్ చేతిలో ఉంటుంది. పట్టు బిగిసినప్పుడు బానెట్ కింద నుంచి పెద్ద లారీ వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది. కొత్తగా ట్రెయిలర్ లాగేవాళ్లు ఆ హోరుకి టెన్షన్ పడతారు. పడాల్సిన పని లేదు. ఎక్కుడులో కూలెంట్ బాగా వేడెక్కినా ఆ హోరు రాకపోతేనే టెన్షన్ పడాలి.

గాలి విషయంలో మర్చిపోయేది ఎత్తు. కొలరాడో రాష్ట్రంలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సముద్రమట్టంతో పోలిస్తే 30 శాతం దాకా పల్చన. ఫ్యాన్ అంతే తిరుగుతుంది, కానీ మోసుకెళ్లే గాలి బరువు తక్కువ. బయట చల్లగానే ఉంది కదా అని అక్కడ ధీమాగా ఉండకూడదు.

ఇక మూత. రేడియేటర్ మూత చేసే పని ప్రెషర్ కుక్కర్ విజిల్ చేసే పనే. సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలుగా 223 ఫారన్‌హీట్ దగ్గర మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత ఉంటే 265 దాకా ఆగుతుంది. రబ్బరు అరిగి మూత ఒత్తిడి వదిలేస్తుంటే ఈ 40 డిగ్రీల రక్షణ మనకు తెలియకుండానే పోతుంది. కొత్త మూతకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. వేడి మీద ఉన్న మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పొద్దు. ఒత్తిడి పోగానే లోపలిదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. వేడిని బాగా మోసేది నీళ్లే. గ్లైకాల్ గడ్డకట్టకుండా, త్వరగా మరగకుండా చూస్తుంది. సగం సగం చాలు. నీళ్లు డిస్టిల్డ్‌వే పోయండి. రంగు చూసి కూలెంట్ కొనకండి, మాన్యువల్లో రాసిన రకమే కొనండి.

ముల్లును నమ్మొద్దు

ఈ పాఠంలో అసలు విషయం ఇదే. డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు చాలా బళ్లలో మొద్దుబారినట్టు పనిచేస్తుంది. ఉష్ణోగ్రత ఇరవై, ముప్పై డిగ్రీలు మారినా డ్రైవర్ కంగారు పడకుండా మధ్యలోనే నిలబడేలా కంపెనీలే అమర్చాయి. అది కదిలాక మనం మేలుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

నా సంగతి చెబుతాను. జులైలో కాలిఫోర్నియాలోని బేకర్ నుంచి లాస్ వేగాస్ వైపు ఐ-15 మీద వెళ్తున్నాను. 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల రికార్డుకి గుర్తుగా 134 అడుగుల థర్మామీటర్ నిలబెట్టిన ఊరు ఈ బేకర్. ఊరు దాటగానే హాలోరన్ సమ్మిట్ దాకా సుమారు 17 మైళ్లలో 3,000 అడుగుల ఎక్కుడు. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయండని రోడ్డు పక్కన బోర్డు ఉంది. వెనక సీట్లో పిల్లలు ఉక్కపోతకు తాళలేరని నేను ఆపలేదు. వేగం కూడా 55 దగ్గరే పట్టి ఉంచాను. ముల్లు మధ్యలోనే ఉంది. అనుమానం వచ్చి అంకెల తెర పెట్టి చూస్తే కూలెంట్ 226, గేర్‌బాక్స్ నూనె 231! ముల్లు అప్పటికీ మధ్యలోనే ఉంది.

అందుకే ఎక్కుడు మొదలవకముందే తెర మీద అంకెలు పెట్టుకోండి. మీ బండిలో ఆ తెర లేకపోతే ఓబీడీ పోర్టుకి, అంటే బండి కంప్యూటర్‌లోని అంకెలు చదవడానికి ఉండే సాకెట్‌కి పెట్టే చిన్న రీడర్ దొరుకుతుంది. డీజిల్ బళ్లలో చాలావాటికి కూలెంట్ 190 నుంచి 210 మామూలు, ఎక్కుడులో 220 దాకా వెళ్లొచ్చు. 225 దాటితే నేను ఏదో ఒకటి చేయడం మొదలుపెడతాను. మీ బండికి మాన్యువల్లో ఇంకో అంకె ఉంటే అదే చివరి మాట. కానీ అంకె కంటే అది పెరిగే తీరు ముఖ్యం. నిమిషానికి ఒక డిగ్రీ పెరుగుతుంటే సమయం ఉంది. నిమిషానికి నాలుగు పెరుగుతుంటే లేదు.

చేయాల్సింది ఏమిటంటే, వేగం తగ్గించి ఒక గేరు కిందికి దిగాలి. 55 నుంచి 40కి దిగితే బరువు ఎక్కించడానికి కావాల్సిన శక్తి నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది, గాలిని చీల్చడానికి కావాల్సింది సగం కంటే ఎక్కువే తగ్గుతుంది. కింది గేరులో ఇంజిన్ జోరు తగ్గదు కాబట్టి పంప్, ఫ్యాన్ మాత్రం గట్టిగానే తిరుగుతాయి. ఎక్సలేటర్ తగ్గించి పై గేరులోనే ముక్కుకుంటూ ఎక్కితే ఇంజిన్ చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది తలకిందులు. పంప్, ఫ్యాన్ రెండూ నెమ్మదిస్తాయి. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే సెట్టింగ్) నొక్కి ఉంచితే గేరు సంగతి చాలావరకు అదే చూసుకుంటుంది.

ఇంకా పెరుగుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించండి. క్యాబిన్ హీటర్ కూడా చిన్న రేడియేటరే. అప్పుడూ ఆగకపోతే భద్రమైన చోట పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి ఇంజిన్‌ని ఆపకుండా నిమిషానికి 1,200 చుట్ల దాకా తిప్పండి. టర్బోకీ (ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రానికీ) అదే మంచిది. కూలెంట్ కారిపోతుంటే, ఆవిరి వస్తుంటే, ఇంజిన్ ఆపమని హెచ్చరిక వెలిగితే మాత్రం వెంటనే ఆపేయాలి. కూలెంట్ లేని ఇంజిన్ ఎంతసేపు తిరిగితే అంత నష్టం.

జాలీల మధ్య చెత్త

బేకర్ నుంచి ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి చూశాను. ముందు జాలీ శుభ్రంగానే ఉంది. టార్చి వేసి పక్క సందులోంచి చూస్తే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దూది లాంటి గింజల నూగు, దుమ్ము, పురుగుల రెక్కలు కలిసి దుప్పటిలా పట్టి ఉన్నాయి. మా ఊళ్లో నూర్పిళ్లప్పుడు ట్రాక్టర్ జాలీకి ఊక పడితే మా నాన్న గంటగంటకూ దులిపేవాడు. ఈ బండికి ఆ జాలీ మూడు పొరల లోపల ఉంది కాబట్టి ఎవరికీ కనబడదు.

ఇంజిన్ చల్లారాక, వెనక నుంచి ముందుకు, మామూలు గొట్టంతో నెమ్మదిగా నీళ్లు కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. ప్రెషర్ వాషర్ దగ్గర పెడితే పల్చటి రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. నేను కొట్టినప్పుడు మొదటి పది నిమిషాలు బూడిదరంగు నీళ్లే కారాయి.

ఈ వారం అభ్యాసం

ట్రెయిలర్ లేకుండా, తర్వాత ట్రెయిలర్‌తో, ఒకే ఎక్కుడు రెండుసార్లు ఎక్కండి. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి నిమిషానికోసారి కూలెంట్, గేర్‌బాక్స్ అంకెలు రాయించండి. మీరు నడుపుతూ రాయకండి. ఫ్యాన్ హోరు ఏ అంకె దగ్గర మొదలైందో గుర్తు పెట్టించండి. పైకి చేరాక ఎన్ని నిమిషాల్లో మామూలు అంకెకు దిగిందో కూడా రాయించండి. ఆ కాగితం గ్లోవ్ బాక్స్‌లో పెట్టండి, ఆర్నెల్ల తర్వాత అదే కొండ ఎక్కినప్పుడు దాంతో పోల్చి చూద్దాం. దిగేటప్పుడు బ్రేకుల వేడి సంగతి 5వ పాఠంలో.