సైలెంట్ ఫ్యాన్లు కొన్నా కంప్యూటర్ మోత తగ్గలేదా? సమస్య - పరిష్కారం

కొత్త ఫ్యాన్ కొనే ముందు అసలు మోగుతున్నది ఏదో తేల్చుకోండి. ఇది కూడా చెప్పాలా అనిపించొచ్చు. కానీ బాగు చేయమని నా దగ్గరకు తెచ్చే సిస్టమ్స్‌లో చాలావాటికి ఈ ఒక్క పనే జరిగి ఉండదు. కూలర్ మార్చేసి ఉంటారు, థర్మల్ పేస్ట్ మార్చేసి ఉంటారు, రొద మాత్రం తగ్గదు. చూస్తే అరుస్తున్నది గ్రాఫిక్స్ కార్డు.

సైడ్ ప్యానెల్ తీసి, ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొసను చెవికి ఆనించుకోండి. రెండో కొసను ఒక్కో ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్లండి, రెక్కలకు తగలనివ్వకండి. ఎక్కడ శబ్దం ఒక్కసారిగా పెరిగితే అదే. అలా తేలకపోతే సిస్టమ్ ఆపి, ఒక కేస్ ఫ్యాన్ వైరు తీసేసి మళ్లీ ఆన్ చేసి వినండి. ఒక కేస్ ఫ్యాన్ లేకుండా కాసేపు నడిస్తే ఏమీ కాదు. సీపీయూ ఫ్యాన్ వైరు మాత్రం తీయకండి, దాని వేగాన్ని బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) తగ్గించి వినండి.

దుమ్ము సంగతి కూడా ఇప్పుడే చూసేయండి. ఫిల్టర్, కూలర్ రేకుల మధ్య సందులు, పవర్ సప్లై కింది జాలీ, ఈ మూడూ చూడాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అది ఇష్టం వచ్చినట్టు గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

శబ్దాన్ని బట్టి కారణం

టకటకమని ఒకే లయలో కొడుతుంటే వైరు రెక్కకు తగులుతోంది. ట్యాగ్ వేసి కట్టేయండి.

గరగరమంటూ, ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గితే బేరింగ్ అరిగింది. నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ ఫ్యాన్ మార్చేయండి.

కేస్ అంతా గుమ్మని మోగుతూ, పైన చెయ్యి ఆనిస్తే శబ్దం మారుతుంటే అది వైబ్రేషన్. చాలాసార్లు హార్డ్ డిస్క్ పని. 7200 ఆర్‌పీఎం డిస్క్ అంటే నిమిషానికి 7200, సెకనుకు 120 చుట్లు. ఆ అదురు నేరుగా రేకుకు ఎక్కుతుంది. డిస్క్‌కు రబ్బరు వాషర్లు, ఫ్యాన్లకు రబ్బరు పిన్నులు వేస్తే పోతుంది. వీటికి అయ్యే ఖర్చు కొత్త ఫ్యాన్ ముందు లెక్కలోకి రాదు.

ఈల వేసినట్టు వస్తుంటే ఫ్యాన్ రెక్కలకు మరీ దగ్గరగా చిల్లుల రేకు ఉంది. ఫ్యాన్‌ను రేకుకు రెండో వైపు మార్చడమో, మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టడమో చేయండి.

ఇవేవీ కాకుండా ఉత్త గాలి హోరు వినిపిస్తుంటే, లోపల నిజంగానే వేడి ఎక్కువగా ఉండాలి, లేదా వేగం తగ్గించమన్న ఆదేశం ఫ్యాన్‌కు అందకుండా ఉండాలి. మొదటిది తేల్చడానికి కేస్ ముందు ప్యానెల్ పీకి, మామూలుగా ఆడే గేమే కాసేపు ఆడండి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు మించి తగ్గితే గాలి లోపలికి రావడం లేదన్నమాట. ముందు భాగమంతా అద్దంతో మూసేసిన కేస్‌లలో ఇది మామూలే. అలాంటి కేస్‌లో ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా అరవాల్సిందే. ముందు వైపు జాలీ ఉన్న కేస్‌కు మారండి. ప్యానెల్ తీసినా తేడా లేదా? అయితే కింది భాగం జాగ్రత్తగా చదవండి.

ఎప్పుడూ ఫుల్ స్పీడే: ఎవరూ అనుమానించని కారణం

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఫ్యాన్ మంచిదే, బేరింగ్ మంచిదే, బయోస్‌లో స్పీడ్ గ్రాఫ్ (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత) కూడా కిందికే ఉంది. అయినా హోరు తగ్గదు.

ముందు పిన్నులు లెక్కపెట్టండి. 3 పిన్నుల ఫ్యాన్‌కు గ్రౌండ్, 12 వోల్టులు, వేగం ఎంతో తిరిగి చెప్పే వైరు ఉంటాయి. దాని వేగం తగ్గాలంటే దానికి వెళ్లే వోల్టేజే తగ్గాలి. 4 పిన్నుల ఫ్యాన్‌కు ఇంకో వైరు అదనం. మదర్‌బోర్డు పీడబ్ల్యూఎం సిగ్నల్‌ను ఆ నాలుగో వైరులో పంపుతుంది. కరెంటు ఎప్పుడూ 12 వోల్టులే, ఎంత వేగంతో తిరగాలో చెప్పేది ఆ సిగ్నల్.

చిక్కంతా ఇక్కడే ఉంది. 3 పిన్నుల ఫ్యాన్ 4 పిన్నుల హెడర్‌లో (మదర్‌బోర్డు మీద ఫ్యాన్ వైరు తగిలించే చోటు) చక్కగా కూర్చుంటుంది. హెడర్ పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే ఫ్యాన్‌కు అన్నివేళలా 12 వోల్టులు వెళ్తాయి. నెమ్మదించమని చెప్పే సిగ్నల్ అందుకోవడానికి దానికి నాలుగో వైరే లేదు. ఇక మీరు గ్రాఫ్‌ను ఎంత కిందికి లాగినా అది వినదు. బయోస్‌లో ఆ హెడర్‌ను డీసీ మోడ్‌కు మార్చండి. కొన్ని బోర్డులలో దీన్నే వోల్టేజ్ మోడ్ అంటారు. ఆటో మోడ్‌ను నమ్ముకోకండి. అది ఎక్కువసార్లు సరిగ్గానే గుర్తిస్తుంది, కానీ మధ్యలో ఒక హెడర్‌ను చాలా ఫ్యాన్లకు పంచే స్ప్లిటర్ వైరో, హబ్బో ఉంటే తడబడుతుంది.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. 4 పిన్నుల ఫ్యాన్‌ను డీసీ మోడ్‌లో నడిపితే తిరుగుతుంది, కానీ వోల్టేజ్ బాగా తగ్గినప్పుడు ఆగుతూ, మళ్లీ లేస్తూ టిక్కుటిక్కుమంటుంది. చాలామంది దాన్ని బేరింగ్ పోయిందనుకుని పారేస్తారు. మోడ్ మార్చి చూశాకే పారేయండి.

ఇంతవరకూ తేలికే. అసలు మోసం ఫ్యాన్ హబ్‌లో ఉంది. కేస్‌తో పాటే వెనకాల బిగించి వచ్చే చిన్న సర్క్యూట్ బోర్డు అది. పవర్ సప్లై నుంచి సాటా వైరుతో 12 వోల్టులు తీసుకుని అన్ని ఫ్యాన్లకూ పంచుతుంది. మదర్‌బోర్డు నుంచి తీసుకునేది ఆ పీడబ్ల్యూఎం సిగ్నల్ ఒక్కటే. అంటే హబ్‌కు తగిలించిన 3 పిన్నుల ఫ్యాన్లు జీవితాంతం ఫుల్ స్పీడే. బయోస్‌లో మోడ్ మార్చినా లాభం లేదు, ఎందుకంటే వాటికి కరెంటు వస్తున్నది హెడర్ నుంచి కాదు. వోల్టేజ్‌ను కూడా తగ్గించగలిగే హబ్‌లు కొన్ని ఉన్నాయి కాబట్టి చూసి నిర్ణయించకండి, పరీక్షించి నిర్ణయించండి.

మరి ఇది అంత తేలిగ్గా ఎందుకు దొరకదు? హబ్ నుంచి వేగం లెక్క మదర్‌బోర్డుకు తిరిగి వెళ్లేది ఒకే ఒక్క ఫ్యాన్ నుంచి, సాధారణంగా మొదటి సాకెట్‌లో ఉన్నదాని నుంచి. కేస్‌తో వచ్చిన మూడు ఫ్యాన్లు 3 పిన్నులవి. మీరు మోత భరించలేక ఖరీదైన 4 పిన్నుల సైలెంట్ ఫ్యాన్ ఒకటి కొని, దాన్ని తీసుకెళ్లి మొదటి సాకెట్‌లో పెట్టారు. అది చెప్పిన మాట వింటుంది. స్క్రీన్ మీద 600 ఆర్‌పీఎం అని కనిపిస్తుంది. మిగతా మూడూ పక్కనే పూర్తి వేగంతో తిరుగుతున్నా ఆ సంగతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించదు. 600 దగ్గర కూడా ఇంత మోతా అని సైలెంట్ ఫ్యాన్‌నే తిట్టుకుని వాపస్ చేసేవాళ్లు ఉన్నారు. పాపం ఆ ఫ్యాన్ తన పని తాను చక్కగా చేస్తోంది.

పరీక్ష ఇలా చేయండి. బయోస్‌లో హబ్ ఉన్న హెడర్‌ను మాన్యువల్‌గా 30 శాతానికి పెట్టి ఒక్కో ఫ్యాన్‌నూ కళ్లతో చూడండి. తర్వాత 100 శాతానికి పెట్టి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకేలా తిరిగిన ఫ్యాన్ మీ అదుపులో లేదు. స్క్రీన్ మీది అంకె చూసి తృప్తి పడకండి, ఫ్యాన్‌నే చూడండి. అన్నీ ఒకేలా తిరిగితే హబ్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్న వైరు పెట్టారో లేదో చూడండి. అది కేస్ వెనక వైర్ల గుంపులో అలాగే వేలాడుతుండటం నేను చాలాసార్లు చూశాను. పెట్టే ఉంటే, అది పంప్ హెడర్‌లో (వాటర్ కూలర్ పంపు కోసం ఉంచిన హెడర్) ఉందేమో చూడండి. పంప్ హెడర్‌లు చాలా బోర్డులలో మొదటి నుంచే ఫుల్ స్పీడ్‌కు పెట్టి ఉంటాయి. మొదటి సాకెట్ ఖాళీగా ఉన్నా చిక్కే. మదర్‌బోర్డుకు 0 ఆర్‌పీఎం కనిపించి, ఫ్యాన్ చెడిపోయిందని హెచ్చరిస్తుంది.

దొరికాక రెండు దారులు. 3 పిన్నుల ఫ్యాన్లను హబ్ నుంచి పీకి, మామూలు స్ప్లిటర్ వైరుతో మదర్‌బోర్డు హెడర్‌కు నేరుగా పెట్టి, డీసీ మోడ్‌కు మార్చండి. హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. ఫ్యాన్ మధ్య స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. అవన్నీ కలిపి చూడండి, ఆన్ చేసిన క్షణంలో ఫ్యాన్ ఎక్కువ లాగుతుంది కాబట్టి కొంత మిగులు ఉంచండి. అలా కుదరకపోతే హబ్ మీది ఫ్యాన్లన్నీ 4 పిన్నులవే పెట్టండి. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే ఉపయోగం లేదు.

ఒక హెచ్చరిక. లైట్ల ఫ్యాన్లకు ఆ లైట్ల కోసం రెండో వైరు ఉంటుంది. ఏఆర్‌జీబీ (ఒక్కో లైటు రంగు విడిగా మారే రకం) 5 వోల్టులది, పాత ఆర్‌జీబీ (అన్నీ ఒకే రంగుకు మారే రకం) 12 వోల్టులది. 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల హెడర్‌కు బలవంతంగా పెడితే కాలిపోతాయి.

వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటే

బ్రౌజర్ తెరిచినా చాలు, జుయ్యిమని లేచి మళ్లీ తగ్గుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు చిన్న పనికి కూడా ఒక్క క్షణం పాటు పది డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పైకి ఎగురుతాయి. ఫ్యాన్ ఆ ప్రతి ఎగురుడు వెంటా పరిగెడుతోంది. బయోస్‌లో స్టెప్ అప్ టైమ్, స్మూతింగ్ లాంటి పేర్లతో ఉండే సెట్టింగ్‌ను కొన్ని సెకన్లకు పెంచండి. 60 డిగ్రీల వరకూ గ్రాఫ్‌ను చదునుగా ఉంచండి. కేస్ ఫ్యాన్లు సీపీయూను కాకుండా మదర్‌బోర్డు ఉష్ణోగ్రతను చూసి నడిచేలా పెట్టండి. మారుతూ ఉండే శబ్దం కన్నా, కాస్త ఎక్కువైనా నిలకడగా ఉండే శబ్దాన్ని చెవి త్వరగా మరిచిపోతుంది.

అంకెలు చూసి టెన్షన్ పడొద్దు. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లలో పేరు చివర ఎక్స్ ఉన్న రకాలు బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే రూపొందించారు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా 70 దాటుతుంటే మాత్రం కూలర్ విప్పి చూడండి. అడుగున ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయి ఉండొచ్చు, స్క్రూలు ఒకవైపే బిగిసి ఉండొచ్చు, పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు.

కొనక తప్పకపోతే

ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే మోత సుమారు 15 డెసిబెల్ తగ్గుతుంది. అదే ఫ్యాన్‌కు తోడు అలాంటిదే ఇంకొకటి పెడితే పెరిగేది సుమారు 3 డెసిబెల్ మాత్రమే. కాబట్టి వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ కన్నా సగం వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లు దాదాపు అంతే గాలిని చాలా తక్కువ మోతతో ఇస్తాయి. కేస్‌లో చోటుంటే 120 మి.మీ. బదులు 140 మి.మీ. తీసుకోవడం కూడా ఇందుకే.

పెట్టె మీద రాసిన డెసిబెల్ అంకెలతో రెండు కంపెనీలను పోల్చకండి. అవి ఎదురుగా ఏ అడ్డూ లేకుండా కొలిచినవి, కొలిచే తీరు కూడా ఒక్కో కంపెనీది ఒకలా ఉంటుంది. అత్యధిక గాలి, అత్యధిక పీడనం అని రాసిన రెండు అంకెలూ ఒకేసారి ఎప్పుడూ రావు. మొదటిది ఎదురే లేనప్పటిది, రెండోది గాలి పూర్తిగా ఆగిపోయినప్పటిది. వాటర్ కూలర్ రేడియేటర్‌కో, దట్టమైన ఫిల్టర్ వెనకకో అయితే పీడనం ఎక్కువున్నది చూడండి.

మన్నికకు బేరింగే ముఖ్యం. చవక స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌ను కేస్ పైకప్పులో పడుకోబెట్టి బిగిస్తే త్వరగా అరుగుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఇంట్లో వాడే కంప్యూటర్‌కు సరిగ్గా సరిపోతుంది. బాల్ బేరింగ్ వేడికి బాగా ఓర్చుకుంటుంది, కానీ పాతబడేకొద్దీ మోగుతుంది. జీవితకాలం గంటల్లో రాస్తారు కదా, అందులో ఎల్10 అని ఉంటే, వందలో పది ఫ్యాన్లు చెడిపోయేసరికి గడిచే సమయం అది. ఎంటీబీఎఫ్ (చెడిపోవడాల మధ్య సగటు సమయం) వేరే లెక్క, అంకె చాలా పెద్దగా కనిపిస్తుంది. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి మోసపోకండి. నేనైతే వారంటీ చూస్తాను. నాక్టువా లాంటివాళ్లు 6 ఏళ్లు ఇస్తారు. హబ్ గొడవే వద్దనుకుంటే, ఆర్కిటిక్ పీఎస్‌టీ రకాల్లో లాగా ఒకదాని వైరులోనే ఇంకోదాన్ని తగిలించే 4 పిన్నుల ఫ్యాన్లు తీసుకోండి.

అరుదైనవి

గేమ్‌లో మాత్రమే, ఫ్రేమ్ రేట్‌తో పాటు మారే సన్నని కీచు శబ్దం ఫ్యాన్‌ది కాదు, గ్రాఫిక్స్ కార్డు కాయిల్స్‌ది. ఫ్రేమ్ రేట్‌కు పరిమితి పెట్టండి. వాటర్ కూలర్‌లో గుడగుడమంటే పంపులోకి గాలి బుడగ చేరింది. లూప్ మొత్తంలో పంపే ఎత్తున ఉండకుండా, రేడియేటర్ పైభాగం దానికన్నా పైన ఉండేలా బిగించండి. పవర్ సప్లై ఫ్యాన్ అరుస్తుంటే దాన్ని విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉండొచ్చు. వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే కొత్తది తీసుకోండి.