నచ్చీ నచ్చని క్విల్ట్ బ్లాకులు: ఉంచాలా, విప్పాలా, పక్కన పెట్టాలా?

క్విల్ట్ అంటే గుడ్డ ముక్కలు అతికి కుట్టిన చతురస్రాలను, అంటే బ్లాకులను, కలిపి చేసే బొంత. ఇరవై బ్లాకులు కుట్టి పరిస్తే వాటిలో రెండో మూడో కంటికి ఆనవు. ఏం తేడా ఉందో వెంటనే చెప్పలేం, కానీ ఉందని తెలుస్తూనే ఉంటుంది. అప్పుడే కుట్లు విప్పే రిప్పర్ చేతిలోకి తీసుకోకండి. ముందు తప్పు కొలతలో ఉందా, రంగులో ఉందా, కుట్టులో ఉందా అన్నది తేల్చుకోండి. ఒక్కోదానికి ఒక్కో మందు. చాలా బ్లాకులకు పక్క బ్లాకు మారిస్తే సరిపోతుంది, విప్పే పనే ఉండదు.

ముందు కొలత

బ్లాకును ఇస్త్రీ చేసి చల్లారనివ్వండి. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద ఈడ్చకుండా, ఎత్తి ఎత్తి అదమండి. ఈడిస్తే ఐమూలగా కోసిన ముక్కలు సాగిపోతాయి. తర్వాత నాలుగు అంచులూ, అడ్డంగా నిలువుగా మధ్యలోనూ, చివరికి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి.

12 అంగుళాల బ్లాకు అంటే, చుట్టూ కుట్టుకు వదిలే పావు అంగుళం మార్జిన్‌తో కలిపి 12.5 అంగుళాలు ఉండాలి. అది 11 7/8 వచ్చిందంటే కారణం ఎక్కువగా మార్జినే. అడ్డంగా ఆరు ముక్కలున్న బ్లాకులో మధ్య కుట్లు ఐదు. ఒక్కో కుట్టులో మార్జిన్ 1/16 అంగుళం ఎక్కువ పడితే, రెండు ముక్కల నుంచీ పోతుంది కాబట్టి 1/8 అంగుళం తగ్గుతుంది. ఐదు కుట్లకు కలిపి 5/8 అంగుళం మాయం. అందుకే ముక్కలు ఎక్కువున్న బ్లాకులే చిన్నవై వస్తాయి. అలాంటి బ్లాకు ఒకటి కనబడితే మిగతావి కుట్టే ముందే సూదిని గుడ్డ అంచు వైపు ఒక వెంట్రుకవాసి జరపండి.

అంచులు సరిపోయి, మూల నుంచి మూలకు తీసిన రెండు కొలతల్లో 1/8 అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే బ్లాకు వంకరపోయింది. దీన్ని విప్పక్కర్లేదు. ఇస్త్రీ బల్ల మీద పరిచిన గుడ్డపై 12.5 అంగుళాల చతురస్రం పెన్సిల్‌తో గీయండి. బ్లాకు మీద నీళ్లు గానీ పలచటి గంజి గానీ చల్లి, పొట్టిగా ఉన్న మూలలను మెల్లగా లాగి, గీతల మీదికి తెచ్చి గుండుసూదులు గుచ్చండి. ఇస్త్రీ పెట్టెతో అదిమి ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే సూదులు తీయండి. వేడి మీద తీస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పావు అంగుళం వరకు తక్కువైన బ్లాకును పక్క బ్లాకుతో సర్దుకుని కుట్టొచ్చు. రెండు చివరలూ, మధ్యా సూదులు గుచ్చి, నిడివి ఎక్కువున్న గుడ్డను కింద, మిషను పళ్ల వైపు ఉంచండి. మిగులును పళ్లే లోపలికి తీసుకుంటాయి. అంతకు మించి తక్కువైతే సర్దితే ముడతలు వస్తాయి.

అన్ని బ్లాకులనూ చిన్నదాని కొలతకు కత్తిరించేద్దామని ఆశ పుడుతుంది. నక్షత్రం లాంటి నమూనాల్లో త్రిభుజాల మొనలు అంచుకు సరిగ్గా పావు అంగుళం లోపల ఉండాలి. అక్కడ కత్తిరిస్తే మొనలు కుట్టులో కలిసిపోయి మొండిగా కనబడతాయి. మొనలు అంచుకు తగలని నమూనాకే ఆ పద్ధతి.

మొనలున్న బ్లాకులకు చుట్టూ పట్టీ వేయడమే మంచిది. 11 7/8 నుంచి 12.5 వరకు రకరకాలుగా వచ్చిన బ్లాకులన్నిటికీ 2 అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు వైపులా కుట్టండి. తర్వాత బ్లాకు నడిమధ్యను పట్టుకుని అన్నిటినీ 14.5 అంగుళాలకు కత్తిరించండి. పెద్ద బ్లాకు చుట్టూ పట్టీ ఒక అంగుళం కనబడుతుంది, చిన్నదాని చుట్టూ 1 5/16. పట్టీ రంగూ, బ్లాకుల మధ్య వేసే గుడ్డ రంగూ ఒకటే అయితే ఆ తేడా ఎవరి కంటికీ చిక్కదు. ఇలా చేస్తే 4 అడ్డం, 5 నిలువు పేర్చిన బొంత, బ్లాకుల మధ్య గుడ్డ కాకుండానే, 48×60 నుంచి 56×70 అంగుళాలకు పెరుగుతుంది. అడుగు గుడ్డా, మధ్య దూది పొరా దానికి తగ్గట్టు చూసుకోండి.

రంగు నచ్చకపోతే

రంగు గురించిన అనుమానం బల్ల మీద తేలదు. బ్లాకులను గోడకు తగిలించిన ఫ్లానెల్ గుడ్డ మీద అంటించి, ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుగా మార్చండి. రంగు తీసేస్తే మిగిలేది ముదురు, లేత తేడా ఒక్కటే. నమూనా కంటికి కనబడేది దాని వల్లే. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన ఎంత వేరుగా ఉన్నా, రెండూ ఒకే ముదురైతే ఫొటోలో ఒకే మరకలా కలిసిపోతాయి. అలా కలిసిపోయిన బ్లాకులో ఒక్క గుడ్డను మరింత లేతదానితోనో, ముదురుదానితోనో మారిస్తే ప్రాణం వస్తుంది. అడ్డం తిరిగిన ముక్క కూడా ఆ ఫొటోలోనే దొరుకుతుంది.

ఒక బ్లాకు మాత్రం మిగతావాటిని మింగేస్తోందా? అందులోని గుడ్డనే ఇంకో రెండు చోట్ల, మూడూ కలిసి త్రిభుజంలా ఉండేట్టు వాడండి. ఒకచోట ఉంటే పొరపాటులా కనిపించే రంగు, మూడు చోట్ల ఉంటే కావాలని వేసినట్టుంటుంది. అందుకు గుడ్డ మిగలకపోతే ఆ బ్లాకును మధ్య నుంచి తీసి చివరి వరుసకు జరపండి. చూపు ముందు పడేది మధ్య మీదే.

చప్పగా ఉన్న తొమ్మిది గళ్ల బ్లాకును నిలువుగా, అడ్డంగా నడిమికి కోసి, నాలుగు ముక్కలను తిప్పి మళ్లీ కుట్టొచ్చు. కొత్త కుట్టు వల్ల 12.5 కాస్తా 12 అంగుళాలవుతుంది. అందుకే కోస్తే అన్నీ కోయాలి, లేదంటే కోసినదానికి పట్టీ వేయాలి.

కుట్టు, గుడ్డ: ఇక్కడ రాజీ పడొద్దు

మొనలు ఒక వెంట్రుకవాసి కలవకపోవడం వాడకంలో ఎవరూ గమనించరు, వదిలేయండి. కానీ వెనక మార్జిన్ 1/8 అంగుళం కంటే తక్కువున్న చోటు ఉతుకుల్లో విచ్చుకుంటుంది. దాన్ని తప్పక విప్పి మళ్లీ కుట్టాలి. కుట్టు మీద రెండు వైపులా గుడ్డను లాగి చూసినప్పుడు దారం మధ్య సందులు తెరుచుకున్నా అంతే. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

విప్పేటప్పుడు ఒక వైపు ప్రతి మూడో నాలుగో కుట్టును రిప్పర్‌తో తెంచి, గుడ్డను తిప్పి రెండో వైపు దారం లాగండి, పొడవుగా వచ్చేస్తుంది. తప్పున్న చోటి వరకే విప్పండి. ఒకే కుట్టును రెండుసార్లు విప్పాల్సి వస్తే ఆ ముక్క పడేసి కొత్తది కోయండి. అప్పటికే పోగులు వదులై అంచు సాగి ఉంటుంది.

ముదురు ఎరుపు, నీలి గుడ్డల మీద అనుమానం ఉంటే తడిపిన తెల్ల గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెతో అదమండి. రంగు అంటితే ఆ బ్లాకును లేత గుడ్డల పక్కన ఉంచొద్దు. ఒక్క ఉతుకుతో బొంతంతా పాడవుతుంది. ఈ ఒక్క విషయంలో ఎంత ఇష్టమైన బ్లాకైనా బయటే ఉండాలి.

మిగిలిపోయినవి

రంగు అంటనిదైతే అడుగు గుడ్డలో వరుసగా వేయొచ్చు. 60 అంగుళాల వెడల్పు బొంతకు అడుగు గుడ్డ రెండు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 68. ఐదు బ్లాకులు కుడితే 60 వస్తుంది, మిగతాది చివరి పట్టీలతో నింపండి. చేత్తో కుట్టే బొంతకు మాత్రం ఇది పెట్టొద్దు. పైకుట్లూ అడుగు కుట్లూ ఒకేచోట కలిస్తే సూది దిగదు.

ఒక్కటే మిగిలితే దిండు గలీబుకో సంచికో సరిపోతుంది. వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ చేయాలనుకుంటే లోపల నూలు దూది పొరలు రెండు వేయండి. పాలియెస్టర్ దూది వేడికి కరుగుతుంది. మరీ నచ్చనిదాన్ని దూది పొర మీద పరిచి, మిషనుతో మెలికల కుట్లు సాధన చేయడానికి వాడుకోండి.

దాచుకునేవాటికి ఒక చీటీ గుచ్చండి. దాని మీద కత్తిరించిన కొలత, కుట్లు ఏ వైపు మడిచి ఇస్త్రీ చేశారో రాసి, అదే గుడ్డ తునకలు రెండు మడిచి జతచేయండి. ఏడాది తర్వాత ఒక ముక్క మార్చాలంటే అవే అక్కరకొస్తాయి. రెండు బొంతలు పేర్చేటప్పుడూ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టేసిన బ్లాకు ఉంటే, కుట్లు లేని చోట్ల నుంచి 2.5 అంగుళాల చతురస్రాలు కోసి తునకల డబ్బాలో వేసేయండి.