బాలనైటిస్ భాగస్వామికి అంటుతుందా? ముందు షుగర్ టెస్ట్ చేయించండి

బాలనైటిస్ అంటే అంగం చివర వచ్చే వాపు. అక్కడ ఎర్రబడి దురద పెడుతుంది, ముందు చర్మం కింద తెల్లటి పూత చేరవచ్చు. చూపించుకోవడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇది మా ఆవిడకూ అంటుతుందా?" కారణం తేలితేనే దానికి జవాబు చెప్పగలం.

సబ్బు, యాంటీసెప్టిక్ వాడాక మంట మొదలైతే: ఇది ఎవరికీ అంటదు. అవి మానేసి, వట్టి గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడుచుకోండి.

దురద, తెల్లటి పూత: ఎక్కువగా కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వల్ల వస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు, కానీ కలయికలో ఒకరి నుంచి ఒకరికి చేరవచ్చు. డాక్టర్లు సాధారణంగా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ రోజుకు రెండుసార్లు, 7 నుంచి 14 రోజులు రాయమంటారు. దురద తగ్గిందని మధ్యలో ఆపకండి. భాగస్వామికి దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట ఉంటే ఆమెకూ వైద్యం కావాలి. ఏ ఇబ్బందీ లేకపోతే సాధారణంగా అక్కర్లేదు. ఈ క్రీమ్ కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది కాబట్టి తగ్గేదాకా కలయిక ఆపడం మేలు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా కొని రాయకండి. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఈస్ట్ పెరుగుతూనే ఉంటుంది.

తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే: అసలు చిక్కు ఇక్కడే. క్రీమ్ మారుస్తారు, డాక్టర్‌ని మారుస్తారు, చివరికి "నీ వల్లే వచ్చింది" అని ఒకరినొకరు అనుమానించుకుంటారు. ఇద్దరూ మందులు వాడినా నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది. దీని వెనుక షుగర్ జబ్బు ఉండొచ్చు. రక్తంలో షుగర్ బాగా పెరిగితే మూత్రంలోకీ దిగుతుంది. ముందు చర్మం కింద నిలిచే ఆ తడే ఈస్ట్‌కి మేత. షుగర్ ఉందని తెలియనివాళ్లలో ఇదే మొదటి గుర్తు కావచ్చు. పరగడుపున రక్తంలో షుగర్ 126 mg/dL గానీ, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 6.5 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్ ఉన్నట్టే అనుకుని డాక్టర్‌తో నిర్ధారించుకోండి. అంత చిన్న రక్తపరీక్ష చేయించకుండా నెలల తరబడి బాధపడేవాళ్లను చూస్తే మనసు కష్టంగా ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు పనిచేసేదే షుగర్‌ని మూత్రంలోకి పంపడం ద్వారా. రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా వీటితో ఈ ఇన్ఫెక్షన్ రావచ్చు. మాత్ర మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి విషయం చెప్పండి.

చీము, పుండ్లు, మూత్రంలో మంట: సుఖవ్యాధి అయ్యే అవకాశం ఉంది. భాగస్వామికి ఏ లక్షణమూ లేకపోయినా ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి, వైద్యం పూర్తయ్యేదాకా కలవకూడదు.

చర్మం తెల్లబడి బిగుసుకుపోవడం, మానని పుండు, గడ్డ అరుదు. వాటిని స్పెషలిస్ట్ చూడాలి. వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకుండా ఇరుక్కుని వాస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.