నీటిలో శబ్దం – 4: ఆఖర్న వచ్చింది ముందు బయల్దేరాలి

పోయిన పాఠంలోని లెక్క చేశారా? సముద్రం లోతు 100 మీటర్లు, దూరం 3,000 మీటర్లు. ఒక చివర స్పీకరు, రెండో చివర హైడ్రోఫోను (నీటిలో శబ్దాన్ని వినే మైకు), రెండూ 40 మీటర్ల లోతులో. స్పీకరు నుంచి ఒక 'టక్' పంపితే ఏ దారిన వచ్చేది ఎంతసేపటికి చేరుతుందన్నది ప్రశ్న. శబ్దవేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. నేరుగా వచ్చే శబ్దానికి 2 సెకన్లు పడుతుంది. నీటి పైభాగానికి తగిలి వచ్చేది దానికంటే 0.7 మిల్లీసెకన్లు ఆలస్యం, అడుగుకు తగిలి వచ్చేది 1.6, రెండింటికీ తగిలి వచ్చేది 4.4. తేడా వస్తే ఆ మూడు దారుల్లో శబ్దం పైకీ కిందికీ పోయే మొత్తం నిలువు దూరాలు సరిచూసుకోండి: 80, 120, 200 మీటర్లు.

అంటే ఒక్క 'టక్' పంపితే అవతల నాలుగు వినిపిస్తాయి. చాలామంది వీటిని చెత్తగా చూసి వడపోయాలనుకుంటారు. నేను వద్దంటాను, శబ్దాన్ని గురిచూసి ఒకే బిందువుకు చేర్చడం మన పని, అది జరిగేది వీటితోనే.

హైడ్రోఫోను ఉన్న చోట మరో స్పీకరు పెట్టి, రికార్డయినదాన్ని తిరగేసి వినిపించండి. ఆఖర్న వచ్చిన 'టక్' ఇప్పుడు మొదట బయల్దేరుతుంది. 2.8 మిల్లీసెకన్లకు రెండోది, 3.7కి మూడోది, 4.4కి నాలుగోది. ముందు బయల్దేరినది సుదీర్ఘమైన దారిలో, చివరిది దగ్గరి దారిలో పోయి, మొదటి స్పీకరు దగ్గర నాలుగూ ఒకే క్షణంలో కలుస్తాయి. నీటి పైభాగానికి తగిలినప్పుడు తరంగం తలకిందులవుతుంది కదా అని సందేహం రావచ్చు. తిరుగు ప్రయాణంలో మళ్లీ తలకిందులై సరైపోతుంది. దీన్నే టైమ్ రివర్సల్ అంటారు.

చిక్కు ఒకటుంది. ప్రతి 'టక్' నాలుగు దారుల్లోనూ పోతుంది కాబట్టి, కలవకుండా మిగిలినవి ముందూ వెనకా గోల చేస్తాయి. అందుకే ఒక్క స్పీకరు చాలదు, పైనుంచి కిందికి ఒక వరస వేలాడదీస్తారు. ఎదురెదురు అద్దాల మధ్య నిలబడితే మన బొమ్మలు బారులు తీరినట్టే, నీటి పైభాగం, అడుగు కలిసి ఆ వరసను ఎన్నో రెట్లు పొడవు చేసి చూపిస్తాయి. గురి పదునెక్కేది అందుకే.

1996లో ఇటలీ తీరంలో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ, నాటో సైనిక కూటమి పరిశోధకులు సుమారు 125 మీటర్ల లోతు నీటిలో, 450 హెర్ట్జ్ దగ్గర, 6 కిలోమీటర్లకు పైగా దూరంలో దీన్ని చేసి చూపారు. తర్వాతి ప్రయోగాల్లో వారం కిందటి రికార్డింగుతోనూ గురి కుదిరింది.

ఇంకో కిటుకు: పంపే శబ్దం పౌనఃపున్యాన్ని కొద్దిగా పెంచితే, గురి బిందువు దాదాపు అదే నిష్పత్తిలో దూరం జరుగుతుంది. 450 హెర్ట్జ్ దగ్గర 6 కిలోమీటర్లలో ఉన్న బిందువును 6.3కి జరపాలంటే ఎన్ని హెర్ట్జ్ పెంచాలి? చేసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.