ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ అన్‌ఇన్‌స్టాల్ కావట్లేదా? కమాండ్ ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి

ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ అంటే సోఫోస్, క్రౌడ్‌స్ట్రైక్ లాంటి, కంపెనీలు తమ కంప్యూటర్లలో ఎక్కించే రక్షణ సాఫ్ట్‌వేర్. దాన్ని విండోస్ ఇన్‌స్టాలర్ కమాండ్ అయిన ఎంఎస్ఐఎగ్జెక్‌తో తొలగించేటప్పుడు వచ్చే చిక్కులు ఇవి. ఇది విండోస్ 10, 11 సంగతి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లకు చెప్పకుండా చెయ్యి పెట్టకండి.

సమస్య: కమాండ్ కొట్టగానే విండోస్ ఇన్‌స్టాలర్ హెల్ప్ బాక్స్ వస్తుంది. ఏదీ తొలగదు.

కారణం: మీరు కొట్టింది పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే కిటికీల్లో ఒకటి). ఎంఎస్ఐఎగ్జెక్ /ఎక్స్ (తొలగించు అని) టైప్ చేసి ప్రోడక్ట్ కోడ్‌ను, అంటే ఆ ప్రోగ్రామ్ గుర్తింపు కోడ్‌ను, ఫ్లవర్ బ్రాకెట్లలో ఇస్తాం కదా, పవర్‌షెల్ ఆ బ్రాకెట్లను చూసి అదేదో స్క్రిప్ట్ అనుకుంటుంది. కోడ్ మొత్తాన్ని, బ్రాకెట్లతో సహా, కోట్స్‌లో పెట్టండి. లేదంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అందులో కొట్టండి.

సమస్య: 1605 ఎర్రర్.

కోడ్ తప్పు, లేదా ఆ ప్రోడక్ట్ అప్పటికే పోయింది. నెట్‌లో ఎవరో పెట్టిన కోడ్ మీకు పనిచేయదు, అది వెర్షన్‌ను బట్టి మారుతుంది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చోటు, రెజ్ఎడిట్‌తో తెరవచ్చు) హెచ్‌కేఎల్ఎం కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ వరకు వెళ్లి డిస్‌ప్లే నేమ్ చూడండి. 32 బిట్ ప్రోగ్రామ్ అయితే సాఫ్ట్‌వేర్ లోపలి వావ్6432నోడ్ కింద ఇదే దారిలో ఉంటుంది. పక్కనే అన్‌ఇన్‌స్టాల్ స్ట్రింగ్, అంటే కోడ్‌తో సహా తొలగించే కమాండ్, దొరుకుతుంది. అందులో చాలాసార్లు /ఎక్స్ బదులు /ఐ అని ఉంటుంది, దాన్ని మార్చుకోవాలి. కోడ్ కోసం డబ్ల్యూఎంఐసీ ప్రోడక్ట్ కమాండ్ మాత్రం వాడకండి. లిస్టు అడిగిన పాపానికి, ఎంఎస్ఐతో (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైల్‌తో) ఎక్కించిన ప్రతి ప్రోగ్రామ్‌నూ అది తనిఖీ చేస్తుంది, ఒక్కోసారి రిపేర్ కూడా మొదలుపెడుతుంది.

సమస్య: కమాండ్ చివర /క్యూఎన్ (ఏమీ చూపించకుండా నడిపే సైలెంట్ మోడ్) ఇచ్చాక ఏ మెసేజీ రాదు. అయిందో లేదో తెలియదు.

సైలెంట్ మోడ్ అంటే అంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో, కమాండ్ ముందు స్టార్ట్ /వెయిట్ చేర్చి నడిపి, తర్వాత ఎకో %ఎర్రర్‌లెవెల్% కొట్టండి. 0 వస్తే అయిపోయినట్టే. 3010 వచ్చినా అయినట్టే, రీస్టార్ట్ చేయాలి. 1618 అంటే ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది, ఆగి మళ్లీ ప్రయత్నించండి.

అసలు తలనొప్పి 1603 ఎర్రర్. ఇది దేనికైనా వస్తుంది కాబట్టి /ఎల్*వి తో లాగ్ ఫైల్ రాయించి, అందులో ‘రిటర్న్ వాల్యూ 3’ అని వెతకండి. దానికి కాస్త పైన ఉన్న వరుసల్లో కారణం దొరుకుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ విషయంలో నేను మొదట అనుమానించేది ట్యాంపర్ ప్రొటెక్షన్‌నే. వైరస్ వచ్చి తనను పీకేయకుండా అది వేసుకున్న తాళం, లాప్‌టాప్‌లో అడ్మిన్‌గా ఉన్నవాళ్లకు కూడా తెరుచుకోదు. సోఫోస్‌కు ట్యాంపర్ పాస్‌వర్డ్, సెంటినల్‌వన్‌కు పాస్‌ఫ్రేజ్, క్రౌడ్‌స్ట్రైక్‌కు మెయింటెనెన్స్ టోకెన్ అడ్మిన్ కన్సోల్ (కంపెనీ ఐటీ వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపించే పేజీ) నుంచి రావాలి.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఫోల్డర్లు డిలీట్ చేసేద్దాం అనుకోకండి. మిగిలిపోయిన డ్రైవర్ వల్ల ఇంటర్నెట్ పోవచ్చు, విండోస్ బూట్ కాకపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్‌లో పాత కంపెనీ ఎక్కించిన ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే అమ్మినవాళ్లనే అడగండి, తమ కన్సోల్ నుంచి ఆ సిస్టమ్‌ను తీయించాల్సింది వాళ్లే. ఆ తర్వాత డేటా బ్యాకప్ తీసుకుని విండోస్ మళ్లీ ఎక్కించుకోవడమే నయం.

తొలగిపోయాక రీస్టార్ట్ చేసి, పవర్‌షెల్‌లో గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్ కొట్టండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్ దగ్గర ట్రూ అని ఉంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ పనిలోకి దిగినట్టు. ఫాల్స్ అని ఉంటే విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆన్ చేయండి.